మా నొప్పినీ అలసటనీ చీటీ మీద రాయండి: సరిహద్దు జిల్లాల డాక్టర్లకు బహిరంగ లేఖ

గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మమ్మల్ని చూసే డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులకు, వికలాంగ సర్టిఫికెట్ల బోర్డుల్లో కూర్చునే పెద్దలకు, మేం సరిహద్దు దాటి వస్తే శ్రీకాకుళంలో, విశాఖలో మమ్మల్ని చూసే డాక్టర్లకు,

నమస్కారం.

నేను పర్లాకిమిడిలో జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఆన్‌లైన్ ఫారాలు కూడా నింపి పెడతాను. పింఛన్లు, ఆధార్ మార్పులు, వికలాంగుల కార్డులు, కాలేజీ అడ్మిషన్లు, ఏదైనా సరే. ఒడియాలో వచ్చిన కాగితాన్ని తెలుగులో చదివి చెప్పడం, తెలుగులో చెప్పుకున్న కష్టాన్ని ఒడియాలో అర్జీగా రాయడం నా రోజువారీ పని. పుట్టుకతోనే నాకు సెరెబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కండరాలు సరిగా మాట వినని స్థితి. రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటాయి. చేతులు ఫర్వాలేదు, మాట బాగానే ఉంటుంది. నలభైకి దగ్గర పడ్డాను.

మీ అందరితో నాకు ఒకే ఒక్క పని ఉంది. వయసొచ్చిన సీపీ మనిషి మీ ఎదురుగా కూర్చున్నప్పుడు నొప్పి ఎక్కడ, ఎంత, అలసట ఏ పూట ముంచుకొస్తోంది అని అడగండి. వచ్చిన జవాబును చీటీ మీద రాయండి. ఇప్పుడు మా చీటీల మీద ఏముంటుందో నాకు బాగా తెలుసు, వాటికి జిరాక్సులు తీసేది నేనే కదా. పైన ‘సీపీ కేసు’ అని ఒక ముక్క, కింద ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాస్ మాత్ర, ఒక కాల్షియం. మిగతా కాగితమంతా ఖాళీ.

రాస్తే నొప్పి తగ్గిపోతుందా అంటారేమో. తగ్గదు. కానీ ఆఫీసుల సంగతి మీకు తెలియనిదా? కాగితం మీద లేని కష్టానికి అక్కడ దిక్కు లేదు. రాయగడలో నాకు తెలిసిన ఒక అబ్బాయి గుమాస్తాగా చేస్తున్నాడు. అతనికీ సీపీయే. మధ్యాహ్నం భోజనం తర్వాత అరగంట నడుం వాల్చనిస్తే సాయంత్రం దాకా పని లాగగలడు. లేకపోతే నాలుగింటికల్లా కాళ్లు కొంకర్లు పోతాయి. పై అధికారి చెడ్డవాడేం కాదు, డాక్టరు దగ్గర్నుంచి ఒక్క లైను రాయించుకు రా అన్నాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉద్యోగికి ఇలాంటి చిన్నచిన్న సర్దుబాట్లు చేయాలనే చెబుతోంది. ఆ ఒక్క లైను కోసం అతను తిరగని గుమ్మం లేదు. ‘సీపీకి అలసటకి సంబంధం ఏమిటయ్యా, బలానికి టానిక్ రాస్తాను’ అన్నవాళ్లే అందరూ.

బోర్డు సంగతి కూడా చెప్పనివ్వండి. ఏ బోర్డు అని అడక్కండి, ఏ ఊళ్లో చూసినా అదే తంతు. ‘లేవండి. ఆ గోడ దాకా నడవండి. తిరిగి రండి. కూర్చోండి.’ ఆ నాలుగడుగులూ నేను బాగానే నడుస్తాను. ఎందుకంటే బోర్డు ఉందని తెలిస్తే ముందు రోజు షాపు తియ్యను, మంచం దిగను. పైగా ఇంతమంది పెద్దవాళ్లు చూస్తున్నారని పళ్లు బిగబట్టి నడుస్తాను. చిన్నప్పటి నుంచి మాకు నేర్పింది అదే కదా, ‘ఏదీ, డాక్టరు గారికి బాగా నడిచి చూపించు’ అని. తిరుగు ప్రయాణంలో ఆటో దిగి ఇంటి మెట్టు మీద కాలు పెట్టేసరికి తొడలు వణకడం మొదలవుతుంది. ఆ రాత్రి పిక్క ముడిపడి, పాదం కిందకు వంగిపోయి, అమ్మ లేచి వచ్చి రెండు చేతులతో వేళ్లను వెనక్కి నొక్కి పట్టుకుంటే గానీ వదలదు. మర్నాడు షాపు మళ్లీ మూతే. పొద్దున 10 గంటలకు మీరు చూసిన కాళ్లు, సాయంత్రం 6 గంటలకు నాకు మిగిలే కాళ్లు ఒకటి కావు. మీ సర్టిఫికెట్ మాత్రం పొద్దుటి కాళ్లకే.

నొప్పిని లెక్కలోకి తీసుకోవడం కొత్త సంగతేం కాదు. 2001లో కేంద్రం ఇచ్చిన వికలాంగత లెక్కల పద్ధతిలోనే, కాళ్ల భాగంలో, కొద్దిపాటి నొప్పికి 3, మధ్యరకానికి 6, పనిని బాగా అడ్డుకునే నొప్పికి 9 శాతం కలపమని ఉంది. ఆ తర్వాత 2018లో, 2024లో మార్గదర్శకాలు మారాయి. అలసటకు మాత్రం ఆ 2001 పట్టికలో గడే లేదు. నా శాతం పెంచమని ఇదంతా చెప్పడం లేదు. నాకు వచ్చేదేదో వస్తోంది. అసలు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదన్నదే నా బాధ.

‘ఇది పెరిగే జబ్బు కాదమ్మా, ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.’ చిన్నప్పుడు ఈ మాట విని అమ్మ ఊపిరి పీల్చుకుంది. మెదడు వరకూ అది నిజమే. కడుపులో ఉండగానో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తల్లోనో మెదడుకు తగిలిన దెబ్బ అక్కడితో ఆగిపోతుంది. కానీ ఆ దెబ్బ మోసేది మోకాళ్లు, తుంటి, నడుము. అవి ఆగవు. ముప్ఫయ్యేళ్లు మోకాళ్లు వంచి, మునివేళ్ల మీద, తొడలు రాసుకుంటూ నడిచిన మనిషి కీళ్లు, మామూలుగా నడిచినవాళ్ల కీళ్లకంటే ముందే అరుగుతాయి. 2007లో అచ్చయిన అంతర్జాతీయ నిర్వచనంలోనే ఎముకలు, కండరాల మీద తర్వాత వచ్చిపడే సమస్యల ప్రస్తావన ఉంది. నొప్పి అన్న మాట అందులోనూ లేదనుకోండి, అది వేరే సంగతి. పలు దేశాల్లోని సీపీ పెద్దల వివరాలన్నీ కలిపి చూసిన ఒక పరిశీలన 2021లో వచ్చింది. సుమారు 70 శాతం మందికి నొప్పి ఉందని, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువని అందులో తేలింది. అంటే మీ ఎదురుగా మాలాంటివాళ్లు పదిమంది కూర్చుంటే ఏడుగురు నొప్పితోనే కూర్చున్నారు. ‘ఇంకెక్కడైనా బాధ ఉందా’ అని మీరు అడిగితే తల అడ్డంగా ఊపేది కూడా ఆ ఏడుగురే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. తుంటి లోపల సలుపుతోందని, నెలసరి రోజుల్లో తొడలు మరీ బిగుసుకుపోతాయని, తలుపు కూడా లేని ఓపీ గదిలో, పక్కన మా అన్నయ్య నిలబడి ఉండగా ఎలా చెప్పేది? పైగా మీరు అడిగేది కూడా నన్ను కాదు, అన్నయ్యని. ‘ఈవిడకి ఎక్కడ నొప్పి?’ అని. ఆయనకేం తెలుసు పాపం, మోకాలు అంటాడు. మీరు మోకాలు అని రాస్తారు.

నొప్పి సంగతి ఏదో ఒకలా నమ్ముతారు, ముఖంలో కనపడుతుంది కాబట్టి. అలసటనే ఎవరూ నమ్మరు.

మా కాళ్లలో ముందు కండరాలూ వెనక కండరాలూ ఒకేసారి లాగుతాయి. బ్రేకు మీద కాలు తీయకుండా స్కూటీ నడిపినట్టు ఉంటుంది మా నడక. అదే దూరం నడవడానికి మామూలు మనిషికి అయ్యే శక్తికి రెండు మూడు రెట్లు మాకు ఖర్చవుతుంది. నిలబడటానికీ ఖర్చే. ఆఖరికి కూర్చోవడానికి కూడా. తొడ వెనక కండరాలు నడుముని కిందికి గుంజుతూ ఉంటే, జారిపోకుండా వీపుని పొద్దస్తమానం నిలబెట్టుకోవాలి. మా వదిన ‘రోజంతా కూర్చునే పనే కదా, అలసట దేనికి’ అంటుంది. ఆవిడని ఏమనగలను, మీరే ఆ మాట అంటుంటే!

మధ్యాహ్నం 2 దాటాక మెషిన్ అడుగున ఉన్న పేపర్ ట్రే లాగడానికి వంగితే, బల్ల పట్టుకుని తప్ప లేవలేను. 4 అయ్యేసరికి స్క్రీన్ మీద అంకెలు కనపడుతూనే ఉంటాయి గానీ వరస చిక్కదు. ఆధార్ నంబరులో ఉండేవి 12 అంకెలు. చూసి కొట్టేలోపు మధ్యలో ఎక్కడో తప్పిపోతాను. నాలుక కూడా మందగిస్తుంది. దాన్ని నిద్రమత్తు అందామా అంటే పడుకుంటే నిద్ర రాదు, లేస్తే ఓపిక రాదు. నీరసం అందామా అంటే రక్తం బాగానే ఉందని రిపోర్టులు వచ్చాయి. ఒక్కో అడుగూ చూసుకుని, ఏ రాయి ఎక్కడుందో కనిపెట్టుకుని, పడకుండా నడవడానికి బుర్ర కూడా పొద్దున్నుంచి పనిచేస్తూనే ఉంటుంది కదా, ఒంటితో పాటు అదీ చేతులెత్తేస్తుంది. నార్వేలో 2003లోనే సీపీ పెద్దల అలసటని మామూలు జనం అలసటతో పోల్చి చూశారు. ఒంటి అలసట వీళ్లలోనే ఎక్కువని అప్పుడే చెప్పారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ కబురు మా ఓపీల దాకా రాలేదు.

మాట మీద నమ్మకం లేకపోతే నా చెప్పులు చూడండి. కుడి చెప్పు ముందు కొస, బొటనవేలి కింద, రబ్బరు పొర పలచబడి లోపలి గుడ్డ తేలి ఉంటుంది. మడమ దగ్గర మాత్రం కొన్ననాటి గీతలు చెక్కుచెదరవు, అది నేలకి ఆనితే కదా. బజార్లో చెప్పులు కుట్టే ఆయన నేను కొత్త జోడు తీసుకెళ్లగానే ఏమీ అడక్కుండా ముందు కొసకి టైరు ముక్క అంటించి, చుట్టూ దారం వేసి ఇస్తాడు. నా నడక గురించి ఆయనకి తెలిసినంత మీ చీటీకి తెలియదు.

పిల్లలకైతే కొంత నయం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా చూస్తారు, దాని కోసం జిల్లా కేంద్రాలు పెట్టారు. నడక ఏ స్థాయిలో ఉందో చెప్పడానికి మీరు వాడే ఐదు మెట్ల కొలత 1997లో పిల్లల కోసమే తయారైంది, 2007లో 18 ఏళ్ల దాకా పొడిగించారు, అక్కడితో ఆగింది. 19వ పుట్టినరోజు నాటికి మాకు సీపీ నయమైపోతుందని ఎవరైనా చెప్పారా? పిల్లల డాక్టరు ‘పెద్దదానివయ్యావు’ అంటారు. ఎముకల డాక్టరు ‘ఇది నరాలది’ అంటారు. నరాల డాక్టరు కావాలంటే బరంపురమో విశాఖో పోవాలి. పోతే ఆయన ‘ఇది పిల్లల జబ్బు కదా’ అంటారు. బ్రిటన్‌లో 2019 జనవరిలో సీపీ ఉన్న పెద్దవాళ్ల కోసమే విడిగా వైద్య మార్గదర్శకాలు తెచ్చారు. మనకీ అలాంటివి రావాలి. వచ్చేదాకా ఆ కాగితాన్ని ఒకసారి చదివితే మీ సొమ్మేం పోదు.

మందుల దగ్గర మాత్రం ఒక ఫిర్యాదుంది. బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ రాస్తారు. మంచి మందే, కొందరికి రాత్రి నిద్ర పట్టేది దానివల్లే. అయితే నన్ను నిలబెట్టేది కూడా ఆ బిగుతే అన్న సంగతి ముందు చెప్పినవాళ్లు లేరు. మోతాదు పెంచగానే కాళ్లు మెత్తబడి మోకాళ్లు కుదేలైపోయాయి, పగలంతా మగత. ఇంకో సంగతీ చెప్పలేదు. ఆ మాత్ర ఉన్నట్టుండి మానేయకూడదు, ఫిట్స్ కూడా రావచ్చు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. చిన్న ఊళ్లలో మందుల షాపుల వాళ్లు ‘ఆ మాత్ర లేదు, వారం ఆగి రండి’ అంటారు. ఆ వారం ఏం చేయాలో చీటీ మీద రాసి ఉండాలా వద్దా?

ఎక్సర్‌సైజ్ సంగతీ అంతే. చేయమనడం సబబే, చేయకపోతే ఇంకా బిగుసుకుపోతాం. కానీ ‘ఇంకా నడవండి, ఇంకా నడవండి’ అంటారే, ఎంత నడవాలి, ఎక్కడ ఆగాలి అన్నది చెప్పరు. ఒక పూట ఎక్కువ నడిస్తే రెండు రోజులు మూలన పడే ఒంటికి ఓపికని పొదుపుగా వాడుకోవడం కూడా వైద్యమే. అలాగే చక్రాల కుర్చీ. ‘నడవగలుగుతున్నావు కదా, కుర్చీ ఎందుకు, అలవాటైపోతావు’ అంటారు. బజారుకి కుర్చీలో వెళ్లి, మిగిలిన ఓపికతో ఇంట్లో వంట చేసుకుంటాను, తప్పేముంది? నడవడం ఒక్కటే బతుకు కాదు కదండీ.

ఇంకో భయం ఉంది. ఏ కొత్త బాధ చెప్పినా ‘సీపీ కదా, అంతే’ అని కొట్టిపారేస్తారు. నడక నెలల్లో దిగజారినా, చేతుల్లో తిమ్మిరి మొదలైనా, ఒంటేలు ఆపుకోలేకపోతున్నా అది సీపీ ఖాతాలో వేయకండి. మెడ దానంతటదే తిరిగిపోతూ ఉండే రకం సీపీలో మెడ ఎముకలు అరిగి వెన్నుపాము నలిగిపోవచ్చు. అది చూడాల్సిన జబ్బు, ఆలస్యం పనికిరాదు. అలసట అంటే థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో ఊపిరి ఆగడం, మనసు కుంగిపోవడం కూడా చూడండి. అవి మాకు రావన్న గ్యారంటీ ఏమీ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అవీ వస్తాయి.

సరిహద్దు బతుకు ఎలాగూ ఉంది. పాతపట్నం మాకు కూతవేటు దూరం, కష్టం చెప్పుకోవడానికి తెలుగు డాక్టరు ఉంటే బాగుంటుందని గుణుపూర్ పాసింజరు ఎక్కి విశాఖ దాకా వెళ్తాం. అక్కడ ‘మీది ఒడిశా కార్డమ్మా’ అంటారు. ఇక్కడి ఆరోగ్య బీమా కార్డు మీద లక్షలని రాసి ఉన్నా అది ఆస్పత్రిలో చేరితేనే. నొప్పికీ అలసటకీ ఎవరు మాత్రం మంచం ఇస్తారు? ఓపీ ఫీజు, స్కానింగ్, ఫిజియో, ఆటోలు, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి, అన్నీ చేతి డబ్బులే. కొండల మీది సవర గిరిజనుల ఊళ్ల నుంచి బిడ్డని భుజానేసుకుని దిగే తల్లుల పరిస్థితి మాకంటే అన్యాయం. వాళ్లకి ఒడియా అంతంతమాత్రం, తెలుగు అంతంతమాత్రం. మా పర్లాకిమిడిలోనే ఉండి సవరల భాష నేర్చుకోవడానికి గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ కొండలెక్కారు, మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. మిమ్మల్ని అంత పని చేయమనడం లేదు. ఎదుటి మనిషి తన బాధని తన మాటల్లో చెప్పుకునేదాకా రెండు నిమిషాలు ఆగమంటున్నాను.

ఒకటి మాత్రం మీ చేతుల్లోనే ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ‘నిరామయ’ అనే ఆరోగ్య బీమా ఉంది. సీపీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. వయసు పరిమితి లేదు, ముందుగా వైద్య పరీక్షలు అక్కర్లేదు, ఓపీ ఖర్చులు, థెరపీ కూడా అందులోకి వస్తాయి. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో దాని పేరు విన్నవాళ్లు అరుదు. ఓపీ గోడ మీద దాని గురించి ఒక కాగితం అంటించండి. కానీ డబ్బు తిరిగి రావాలంటే బిల్లుతో పాటు డాక్టరు రాత ఉండాలి. దేనికి చూశారు, ఏ థెరపీ చెప్పారు, ఎన్నాళ్లు. ‘సీపీ కేసు’ అన్న ఒక్క ముక్కతో ఫారం నింపడం ఎంత టెన్షనో నన్నడగండి.

ఓపీ కిటకిటలాడిపోతుంటే ఇవన్నీ అడగడానికి టైమెక్కడిది అంటారని తెలుసు. మీరే అడగాలని లేదు. మేం లైనులో ఎలాగూ గంటలు కూర్చుంటాం. నిజానికి 2016 చట్టం 25వ సెక్షన్ ప్రకారం మమ్మల్ని ముందు చూడాలి, అది అడిగితే లైనులో వాళ్లు తిడతారని మేమే ఊరుకుంటాం. ఆ టైములో సిస్టరమ్మో, ఫిజియో నేర్చుకుంటున్న పిల్లలో వచ్చి మమ్మల్నే అడిగి చీటీ మీద రాయొచ్చు. నొప్పి ఎక్కడెక్కడ, పదికి ఎంత, పొద్దున ఎలా ఉంది, సాయంత్రం ఎలా ఉంటుంది, పోయినేడు చేసుకున్న ఏ పని ఈ ఏడు చేసుకోలేకపోతున్నాం. మీరు చూసి సంతకం పెడితే చాలు. బోర్డులో కూడా గోడ దాకా నడిపించే ముందు ఇవే అడగండి. కొత్త జీవో అక్కర్లేదు. వచ్చే బోర్డు రోజున మొదలుపెట్టేయొచ్చు.

ఇట్లు,
సెరెబ్రల్ పాల్సీ ఉన్న ఒక పౌరురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా